సాఫ్ అనని చోటు

పిట్ట ఇంకా రాలేదు. విస్తరి వేసి చాలాసేపయింది, అన్నం పైన పొరకట్టి ఎండుతోంది, నాటుకోడి కూర వాసన చెట్ల మధ్య అలాగే నిలబడి ఉంది, పక్కన కల్లు ముంత, దాని పక్కన బాపుకు ఇష్టమని తమ్ముడు తెచ్చిన బీడీకట్ట, బాపు బీడీ మానేసి ఎన్నేళ్లయిందో వాడికి తెలియదు, చెప్పాలని నాకూ అనిపించలేదు. మూడోరోజు పిట్టకు పెట్టడమంటే మా వైపు ఇంతే, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరం జరిగి నిలబడాలి, కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు, అప్పటిదాకా బతికున్నవాళ్లెవరూ మెతుకు ముట్టకూడదు. అమ్మకు పెట్టినప్పుడు మేం చెయ్యి వెనక్కి తీసుకోకముందే కాకి వాలింది, అమ్మ బతికున్నప్పుడూ అంతే, ఏ పనికీ ఒకరిని నిలబెట్టే మనిషి కాదు. ఇప్పుడు పోయింది బాపు. బాపు ఆలస్యం చేస్తాడని నాకు ముందే తెలుసు.

కాకులు లేక కాదు. లేకపోతే నాకు ఈ భయం ఉండేది కాదు. ఉన్నాయి, ఇప్పచెట్టు మీద, నల్లమద్ది మీద, తునికి కొమ్మల్లో, నేరేడు మీద, ఎటు చూస్తే అటు, కాకులతో పాటు గోరింకలు, పావురాలు, పికిలిపిట్టలు, పొద్దున పూట అంత గోల చేసేవన్నీ ఇప్పుడు నోళ్లు మూసుకుని కూర్చున్నాయి, ఒక్కటీ రెక్క కదపడం లేదు, అన్నీ చెట్ల మధ్య ఉన్న ఆ ఖాళీ జాగా వైపే, అందులో ఉన్న విస్తరి వైపే తలలు వంచి చూస్తున్నాయి. ఇప్పపువ్వు రాలితే వినిపిస్తోంది. టప్పున ఒకటి, మళ్లీ కాసేపటికి ఒకటి, ఎవరో చెట్టు వెనక నుంచి అడుగు వేసి ఆగినట్టు. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా కూర్చోవడం నా కండక్టర్ ఉద్యోగంలో ఒక్కసారే చూశాను, జనగామ దాటాక ముందు పోతున్న లారీ కింద ఎవరో పడినప్పుడు, బస్సులో అందరూ కిటికీల నుంచి ఇలాగే చూశారు. ఎవరూ దిగలేదు.

ఆ ఖాళీ జాగాలో పెట్టమన్నది మా మేనత్త భాగ్యమ్మ. బాపుకు అక్క, మా ఇంట్లో చావుకూ పెండ్లికీ ఆమె మాటే చట్టం. "చెట్లళ్ల పెడితే పిట్టకేం కనవడ్తది, గా బయలు కాడ పెట్టుండ్రి" అంది. యోహాను కాక ఒక్కడే "అక్కడొద్దమ్మా" అన్నాడు. బాపుతో పాటు మిలిట్రీలో చేసినవాడు, మహబూబాబాద్ దగ్గర ఊరు, పొద్దున్నే రైలు దిగి వచ్చాడు, కుడికాలు మోకాలి కింద నుంచి పెట్టుడు కాలు. అత్త ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "పిట్టకు పెట్టే ముచ్చట మీకేం ఎరుక అన్నా, మీరు సమాధి మీద పూలు పెట్టెటోళ్లు" అంది. తమ్ముడు యుగేందర్ పార తీసుకుని ఆ జాగాలో ఎండిన గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్లుగానో ఎవరూ కోయని గడ్డి అది, మేకలు కూడా దాని అంచు దాకా మేసి తిరిగిపోయేవి. పార రాయికి తగిలి ఖణ్‌మన్నప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిస్తే యోహాను కాక కింద గొంతుకు కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. ఏమీ కాలేదు. మా ఊరు నర్మెట్ట చెలకల్లో పార రాయికి తగలడం ఒక వింతా ఏమిటి.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దీన్ని మిల్ట్రాయన అడివి అంటారు. ఎకరం మీద కొంచెం, అంతా గరుకు నేల, వర్షం పడితే జొన్న, పడకపోతే రాళ్లు. బాపు పెన్షన్ మీద వచ్చిన ఏడాది అందరూ ఈయన బోరు వేస్తాడు, బత్తాయి పెడతాడు అనుకున్నారు. ఆయన మొక్కలు తెచ్చాడు. అవి కూడా వరసలో పెట్టలేదు. అమ్మ నెత్తి కొట్టుకుంది, "దున్నెటోడు తాగి దున్నినా గింత వంకర పోడు, నీకేమొచ్చె సోమనర్సయ్యా" అని మొగుణ్ని పేరుపెట్టి పిలిచింది, మామూలుగా పిలవదు. బాపు పక్క దుప్పటి మడిస్తే అంచులు కత్తితో కోసినట్టుండేవి, చెప్పులు గోడ పక్కన జంటగా నిలబడేవి, అన్నం కంచంలో కూర ఒక మూలకే ఉండేది, అలాంటి మనిషి మొక్కలు పెట్టేసరికి ఒకటి ఇటు, రెండు అటు, మూడు ఒక దగ్గర గుంపుగా, మళ్లీ కొంత దూరం ఏమీ లేదు. పెట్టేముందు చాలాసేపు నిలబడేవాడు. కళ్లు మూసుకునేవాడు. అడుగులు వేసేవాడు, ఆగేవాడు, కిందికి వంగి మట్టిని అరచేత్తో నిమిరి, ఇక్కడ, అనేవాడు. నేను మొక్క అందించేదాన్ని. ఆ వయసులో నాకది ఆటలాగే ఉండేది, తర్వాత మా బాపుకు కొంచెం తిక్క అనుకున్నాను, నిన్నటిదాకా అదే అనుకున్నాను.

మొక్కలన్నీ భూపాలపల్లి నుంచి వచ్చినవే. మిలిట్రీ అయ్యాక బొగ్గుగని గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు, సెలవు దొరికితే మహదేవపూర్ అడవుల్లోకి పోయి ఇప్పగింజలు, తునికిగింజలు ఏరుకొచ్చి సంచుల్లో మొలిపించి, వాటిని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. నేను కండక్టర్‌నయ్యాక ఒకసారి నా బస్సే ఎక్కాడు, నల్లమద్ది మొక్కలు రెండు, "లగేజీ టికెట్ కొట్టు" అన్నాడు. "మొక్కలకేం టికెట్ బాపూ" అన్నాను. "ప్రాణమున్నది బిడ్డా, జాగ తీసుకుంటది, కొట్టు" అన్నాడు. బస్సంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు నా ముఖం చూడలేదు, నా కాళ్లు చూశాడు. ఎప్పుడూ అంతే. నేను బడి నుంచి వచ్చినా, డ్యూటీ నుంచి వచ్చినా, అత్తగారింటి నుంచి వచ్చినా, గడపలో నిలబడి ముందు నా కాళ్లే చూసేవాడు, రెండు కాళ్లూ, ఒకదాని తర్వాత ఒకటి, ఆ తర్వాతే "వచ్చినవా" అనేవాడు. చెప్పులు అరిగాయేమోనని చూస్తాడనుకునేదాన్ని. పెండ్లయ్యాక ఒకసారి కొంచెం మంచి చెప్పులు కూడా వేసుకుని వచ్చాను, పిచ్చిదాన్ని.

ఈ అడవిలో నడవడానికి ఒక దారి ఉండేది, అది తిన్నగా ఉండేది కాదు. బావి దగ్గర మొదలై తునికి దాకా పోయి, అక్కడ ఎడమకు తిరిగి, నేరేడు చుట్టూ వెళ్లి, ఇప్పచెట్టు దగ్గరికి చేరేది. దగ్గరి దారి కళ్ల ముందే ఉన్నా ఆ దారినే నడవాలి, బాపు వెనకే నడవాలి, బాపు అడుగులోనే అడుగు వేయాలి. ప్రతి చెట్టు దగ్గరా ఆగి బోదె మీద చెయ్యి వేసి మెల్లగా "సాఫ్" అనేవాడు. అప్పుడే ముందుకు కదిలేవాడు. పిట్టలు కూడా ఆ మాటకే కిందికి దిగేవి, ఆయన చల్లిన నూకలు అప్పుడే తినేవి, అనకముందు ఒక్కటీ దిగేది కాదు. చిన్నప్పుడు నేను సాఫ్ అంటే పిట్టల్ని పిలిచే మాట అనుకుని మా ఇంటి చూరు కింద పిచ్చుకల్ని అలాగే పిలిచేదాన్ని. ఒక్క ఆ ఖాళీ జాగా దగ్గర మాత్రం బాపు ఏమీ అనేవాడు కాదు. ఇప్పచెట్టు పక్కన, అంచు మీద నిలబడి, దాన్ని చూసి, వెనక్కి తిరిగేవాడు. అందులో నూకలు చల్లలేదు, మొక్క పెట్టలేదు, ఒక పిట్ట పొరపాటున వాలితే చప్పట్లు కొట్టి, రాయి తీసి, అది ఎగిరిపోయేదాకా ఊరుకునేవాడు కాదు. పిట్టంటే ప్రాణం పెట్టే మనిషి ఆ ఒక్కచోట రాయి ఎత్తేవాడు.

యుగేందర్‌కు ఈ అడవి గిట్టదు, వాడి తప్పేం లేదు. చిన్నవాడు, ఏదో సీతాకోకచిలుక వెంట పరిగెత్తి ఆ ఖాళీలోకి పోబోయాడు, బాపు ఎక్కడ నుంచి దూకాడో, వాడి జుట్టు పట్టి వెనక్కి విసిరి, వాడి మీద బోర్లా పడిపోయాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అలాగే పడి ఉన్నాడు, తమ్ముడు కింద ఊపిరాడక ఏడుస్తున్నా లేవలేదు, ఆయన వీపు వణుకుతోంది, రెండు చేతులతో వాడి తల కప్పి ఉంచాడు, దేని కోసమో చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నట్టు. అమ్మ వచ్చి లేపేదాకా అంతే. తమ్ముడు మళ్లీ ఈ చెట్లలోకి రాలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, ఇది కొట్టించి ప్లాట్లు చేద్దామని బాపుతో రెండుసార్లు అన్నాడు కూడా. ఈ రోజు వాడు ఆ గడ్డి చెక్కిన తీరు చూస్తే పాత పగ ఏదో తీర్చుకుంటున్నట్టే ఉంది.

పొద్దున ఇంకా ఎవరూ రాకముందు యోహాను కాక బావి దగ్గర నిలబడి చెట్లను చూశాడు. బాపు ఏడాదికోసారి క్రిస్మస్‌కు ఆయన ఇంటికి పోయేవాడు కానీ ఆయన్ని ఎప్పుడూ ఇక్కడికి రమ్మనలేదు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మారిపోయింది. నేను దారి చూపించబోయేలోపే ఆయనే నడిచాడు, తునికి దాకా పోయి, ఎడమకు తిరిగి, నేరేడు చుట్టూ, ఎవరూ చెప్పకుండా, బాపు నడిచినట్టే, పెట్టుడు కాలు కిర్రుమంటూ. ఇప్పచెట్టు దగ్గర ఆగి బోదెను ముట్టుకుని, "ఇది నాది" అన్నాడు. ఏమిటి కాకా అన్నాను. "నా కాలు పోయింది గిక్కడనే. మీ బాపు నీకు చెప్పలేదా బిడ్డా? ఇది మా చేను. రాజస్థాన్ల, సరిహద్దు మీద, యుద్ధమైతదని మేం మందుపాతరలు పాతిన చేను. యుద్ధం కాలే. మల్ల మేమే తీసినం. ఏ చెట్టు ఏడున్నదో చూడు, గట్లనే పాతినం, గట్లనే తీసినం." తీసిన ప్రతి చోటా బాపు ఒక చెట్టు పెట్టాడు. గుర్తుంచుకుని, కళ్లు మూసుకుని, ఒక్క అడుగు తేడా రాకుండా, ఆ ఎడారి చేనును తెచ్చి మా నర్మెట్ట చెలకలో పరిచాడు.

"మరి ఆ ఖాళీ" అని అడిగాను, అడగకుండా ఉంటే బాగుండేదని అడుగుతూనే అనిపించింది. "అది దొరకలే" అన్నాడు. "పాతింది మీ బాపు చెయ్యే. ఇసుక జరుగుతది బిడ్డా, గాలొస్తే గుట్ట ఈడ్నుంచి ఆడికి పోతది. ఎంత తవ్వినా దొరకలే. అంతల మాకు బదిలీ అయింది, ఎనకొచ్చినోళ్లకు దొరికిందో లేదో మీ బాపుకు తెల్వలే. ఎంతమందిని అడిగినా తెల్వలే." ఇప్పచెట్టు బెరడు నిమురుతూ, "ఆ చేను రైతుకు ఓ బిడ్డ ఉండె. నీ ఈడుదే. మాకు మజ్జిగ తెచ్చేది. ఉత్త కాళ్లతోటి ఉర్కొచ్చేది" అన్నాడు. ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు, మందుపాతర తీసినవాడు లేచి ఆ జాగా మీదే కాలు పెట్టి సాఫ్, ఇక్కడ ఇంకేం లేదు, అనాలని, అప్పుడే వెనకవాడు కదలాలని, బయట నిలబడి అనే మాట కాదని, నేను వింటున్నాను, కానీ నాకు గడపలో నిలబడిన బాపు కనిపిస్తున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి, నా రెండు కాళ్లూ చూస్తున్నాడు. ఇన్నేళ్లూ ఆయన ఎవరి కాళ్లు చూశాడో ఇప్పుడు తెలిసింది, నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా ఆ చెట్టును పట్టుకుని ఏడ్చాను.

నేను ఎవరికీ చెప్పని మాట ఇంకొకటి ఉంది. బాపు పోయిన పొద్దున మొదట చూసింది నేనే. ఇప్పచెట్టుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, ఒళ్లో నూకల సంచి, చుట్టూ ఆ పిట్టలు, ఇప్పటిలాగే చప్పుడు లేకుండా. చెప్పులు విడిచి అంచు మీద జంటగా పెట్టాడు. ఒక కాలు ఇవతల ముడుచుకుని ఉంది. రెండో కాలు చాపి ఉంది, ఆ గడ్డిలోకి, మడమ దాకా. ఇన్నేళ్లలో ఎప్పుడూ దాటనివాడు ఆ పొద్దున ఒక కాలు లోపల పెట్టాడు. గుండె ఆగిందని అందరూ అన్నారు, ఆగకుండా ఎట్లా ఉంటుంది. మనుషుల్ని పిలవకముందు నేనా కాలును ఇవతలకు లాగేశాను. ఎందుకు లాగానో తెలియదు, ఆయనే ఉంటే లాగేవాడనిపించింది. ఇప్పుడు నిలబడి అదే ఆలోచిస్తున్నాను, పోతూ పోతూ వేసిన ఆ ఒక్క అడుగును నేనే వెనక్కి లాగానా, ఆయన ఇంకా ఆ అంచు మీదే నిలబడి ఉన్నాడా, నా బాపు బతికినన్నాళ్లూ నిద్రపోలేదు, చచ్చి కూడా నిద్రపోడా. పిట్ట రాకపోతే అన్నం తినలేమని వీళ్ల బాధ. నా బాధ అది కాదు.

"ఏదో కోరిక మిగిలింది మా తమ్మికి" అంది అత్త. గొంతు పెంచి ఆకాశానికి చెప్పింది, "తమ్మీ, పెద్దదినం మంచిగ చేస్తం, నీ పేరు మీద యాటను కోస్తం, ముట్టయ్యా." ఏ రెక్కా కదలలేదు. అందరూ యుగేందర్ వైపు చూశారు. వాడు కాసేపు నేలను తన్ని, "బాపూ, చెట్లు కొట్టియ్య. ప్లాట్లు చెయ్య. ఒట్టు" అన్నాడు, అన్నాక ఒక కొమ్మ మీది నుంచి ఇంకో కొమ్మ మీదికి చూశాడు, లంచం ఇచ్చి రసీదు కోసం నిలబడ్డవాడిలాగా. ఏమీ లేదు. వాడి ముఖం చిన్నబోయింది. "గింత పెద్ద మాట ఇస్తే గూడ రాదాయె, ఎట్ల మరి" అని గొణిగాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. విస్తరిని ఇవతలకు తెచ్చి పెడదామా అని నేనన్నాను, ఏసిన ఇస్తారి ఎత్తొద్దు, ఎత్తితే పోయినోళ్లను పంక్తిల నుంచి లేపినట్టు, అంది అత్త. కుక్క కూడా ఆ అంచు దాకా వచ్చి, వాసన చూసి, తోక ముడుచుకుని తిరిగిపోయింది. ఇప్పపువ్వు ఒకటి రాలింది. యోహాను కాక నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను, ఆ పిట్టలు దేనికోసం ఆగాయో ఇద్దరికీ తెలుసు.

చెప్పులు విడిచాను. బావి దగ్గరికి పోయి అక్కడి నుంచి మొదలుపెట్టాను. అక్కడ గట్టు మీద బాపు నూనె డబ్బా ఉంది, అందులో జమ్మి మొక్క, ఆ ఎడారి చేను గట్టు మీది చెట్టు కాయలు జేబులో వేసుకొచ్చి మొలిపించింది. అన్నిటికంటే ముందు మొలిచింది అదే, అన్నిటికంటే పొట్టిగా ఉన్నదీ అదే, నా నడుము దాకా కూడా లేదు, డబ్బా తుప్పుపట్టి వేర్లు బయటికి వస్తే ఇంకో డబ్బాలోకి మార్చేవాడు కానీ నేలలో పెట్టేవాడు కాదు. "దీని జాగ ఇంక కాలె" అనేవాడు. దసరాకు ఊరంతా జమ్మి కోసం పోతే మాకు బావి గట్టు మీదే ఉండేది, ఒక ఆకు తెంపనిచ్చేవాడు కాదు. ఆయుధాలు దాచిన చెట్టు కదా, ఏం దాచుకున్నాడో అని అమ్మ నవ్వేది. దాన్ని దాటి తునికి దాకా పోయాను, బోదె మీద చెయ్యి వేశాను, సాఫ్ అన్నాను. నేరేడు దగ్గర సాఫ్ అన్నాను. తలల మీద కొమ్మల్లో ఏదో సర్దుకుంది. "ఏంది పిల్లా, మనిషి పోతే పిట్టొస్తదా" అని అత్త అరుస్తోంది, యుగేందర్ "అక్కా, అక్కా" అంటున్నాడు, నేను ఇప్పచెట్టు దగ్గర, బాపు ఆగిన చోట, ఆయన కాలు చాపిన చోట ఆగాను.

ఏమీ లేదని నాకు తెలుసు. ఇది రాజస్థాన్ కాదు, జనగామ జిల్లా, పొద్దున్నే తమ్ముడు ఇక్కడ పారతో చెక్కాడు, విస్తరి పెట్టినవాళ్లు నలుగురు తొక్కారు. వాళ్లకు తెలియదు కాబట్టి వాళ్లకేం కాలేదు, తెలిసిన కాలికే బరువు. అడుగు వేశాను. మట్టి వేడిగా ఉంది. ఇంకో అడుగు. విస్తరి పక్కన, మధ్యలో, కుడికాలు గట్టిగా మోపి నిలబడ్డాను, ఊపిరి బిగపట్టాను, నోరు తెరిచాను, మాట రాలేదు. రోజంతా బస్సులో జరగండి జరగండి అని అరిచే గొంతు. ఎట్లా అంటాను, ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు, మజ్జిగ తెచ్చిన పిల్ల ఎక్కడో ఇద్దరు పిల్లల తల్లై బతికుందో, ఏ పొద్దున పరుగెత్తుకొచ్చి ఎక్కడ కాలు పెట్టిందో, బాపుకే తెలియంది నాకేం తెలుసు, తెలియకుండా ఆ మాట అనొచ్చా. అప్పుడు బావి వైపు ఒక కాకి నేల మీద వాలింది.

అది ఎగిరి రాలేదు. నడిచి వచ్చింది. తునికి దాకా నడిచి, ఆగి, బోదె వైపు తల వంచి, ఎడమకు తిరిగింది. కూర తిన్నగా చూస్తే కనిపిస్తూనే ఉంది, అయినా నేరేడు చుట్టూ వచ్చింది. వెనక అత్త మాట ఆగిపోయింది. ప్రతి చెట్టు దగ్గరా ఆగుతూ, తొందర లేకుండా, ముసలివాళ్లు నడిచినట్టు, ఇప్పచెట్టు దాకా వచ్చి ఆ అంచు మీద ఆగిపోయింది. లోపలికి రాలేదు. నా ముఖం చూడలేదు. తల ఇటు వంచి ఒక కాలు చూసింది, అటు వంచి రెండో కాలు చూసింది. బాపూ, అనుకున్నాను, ఇవిగో, రెండూ ఉన్నాయి చూసుకో, ఆ పిల్ల సంగతి నాకు తెలియదు, నేను మాత్రం నిలబడ్డాను, నా బరువంతా వేసి నిలబడ్డాను. నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "సాఫ్" అన్నాను.

కాకి లోపలికి వచ్చింది. ఒక మెతుకు కాదు, కూర ముక్కే తీసుకుంది, నా పాదం పక్కనే నిలబడి మింగింది, ఇంకొకటి తీసుకుంది. "ముట్టింది! ముట్టింది!" అని అత్త ఏడుస్తూ అరిచింది, అడవంతా ఒక్కసారి నోరు తెరిచింది, కాకులు, గోరింకలు అన్నీ కిందికి దిగాయి, యుగేందర్ చిన్నపిల్లాడిలా ముఖం కప్పుకున్నాడు. మొదట వచ్చిన కాకి లేచి ఖాళీ మీదుగా తిన్నగా, ఏ చెట్టు దగ్గరా ఆగకుండా, తూర్పుకు ఎగిరిపోయింది. వాళ్లంతా కాళ్లు కడుక్కోవడానికి బావి వైపు పోయారు, రావే అక్కా అన్నం తిందాం అని తమ్ముడు పిలిచాడు. నేను కదలలేదు. కుడికాలు ఎత్తలేకపోయాను. మాట నేను అన్నాను, ఆయన నమ్మి పోయాడు, దొరకని ఆ మందుపాతర ఇక ఎవరి కాలి కింద ఉన్నట్టు? కాలు ఎత్తితే తెలుస్తుంది. కాలు కదలకూడదని కండ బిగించాను, నవ్వు వచ్చింది, భయం వేసింది, అమ్మా అన్నాను.

కిర్రు కిర్రుమని చప్పుడు. యోహాను కాక నేరేడు చుట్టూ తిరిగి వస్తున్నాడు, ఇప్పచెట్టును ఒకసారి ముట్టుకుని లోపలికి వచ్చాడు. నా పక్కన నిలబడి, నా భుజం పట్టుకుని, తన పెట్టుడు కాలును తెచ్చి నా పాదానికి ఆనించి, అదే మట్టి మీద బలంగా మోపాడు.

"గీ కాలుకు ఇగ ఏం గాదు బిడ్డా" అన్నాడు. "జర మెల్లగ, నీది తియ్యి."

తీశాను. కింద నా పాదం గుర్తు ఒక్కటే ఉంది. ఆయన కదలలేదు, తన కాలును దాని మీదికి జరిపి నిలబడ్డాడు.

"నేను గిక్కడనే నిలవడ్త" అన్నాడు. "నువ్వు పోయి గా డబ్బల జమ్మి పట్కరా."